పెర్ఫార్మెన్స్ ఇంజిన్‌కు కొత్త టైమింగ్ చైన్ ఎంచుకోవడం: విశాఖ కారు యజమానుల కోసం

ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ చైన్‌ను మార్చాలనుకునేవారు దుకాణంలో మొదట అడిగేది ‘ఉన్నవాటిలో గట్టి చైన్ ఏది?’ అని. ఈ ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక పక్కదారి పడుతుంది. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీది చిన్న స్ప్రాకెట్ (పళ్ల చక్రం), క్యామ్‌షాఫ్ట్‌ల (వాల్వులు తెరిచే ఇరుసుల) మీది పెద్ద స్ప్రాకెట్లు, చైన్‌ను దారిలో నడిపే గైడ్‌లు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వీటన్నిటికీ అందే ఆయిల్ కలిస్తేనే టైమింగ్ వ్యవస్థ అవుతుంది. ఇంజిన్ శక్తిని పెంచినవారు, పెంచాలనుకునేవారు ముందుగా ఈ వ్యవస్థలో బలహీనంగా ఉన్న భాగమేదో గుర్తించి, దానికి తగినట్టు కొనుగోలు చేయాలి. రోడ్డు మీద నడిచే చాలా కార్లలో ఆ బలహీనత చైన్ ప్లేట్లలో ఉండదు. ఖరీదైన చైన్ వేయించి పాత టెన్షనర్‌నే ఉంచేస్తే డబ్బుతో పాటు ఇంజిన్ కూడా పోయే అవకాశం ఉంది.

ఇంజిన్ పోతుందనడం అతిశయోక్తి కాదు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపు క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి; ఆ లెక్కను నిలబెట్టేది చైన్. నేటి పెర్ఫార్మెన్స్ ఇంజిన్లలో ఎక్కువ భాగం, తెరుచుకున్న వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా వచ్చే రకం కాబట్టి, చైన్ కొన్ని పళ్లు దాటినా, తెగినా వాల్వులు వంగిపోతాయి, ఒక్కోసారి పిస్టన్లు, సిలిండర్ హెడ్ కూడా దెబ్బతింటాయి.

అన్నిటికన్నా ముందు మీ ఇంజిన్‌లో ఉన్నది చైనా, బెల్టా అన్నది నిర్ధారించుకోండి. కారు పేరు చూసి చెప్పగలిగే విషయం కాదిది. మూడో తరం స్కోడా ఆక్టేవియాలో 1.4 టీఎస్ఐ ఇంజిన్‌కు బెల్టు ఉంటుంది. అదే కారులో వచ్చిన 1.8 టీఎస్ఐకి, ఆర్ఎస్ మోడల్‌లోని 2.0 టీఎస్ఐకి చైన్ ఉంటుంది. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ తొమ్మిదో తరం వరకు వాడిన 4జీ63 ఇంజిన్ బెల్టుతో నడిస్తే, పదో తరంలోని 4బీ11 చైన్‌తో నడుస్తుంది. ఒకే ఇంజిన్ పేరు కిందనే ఏళ్లు గడిచేకొద్దీ టెన్షనర్ రూపం, గైడ్ కొలతలు, చైన్ వెడల్పు మారిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీద చెక్కిన కోడ్, తయారైన నెల, సంవత్సరం ఒక కాగితం మీద రాసుకుని, వాటి ఆధారంగానే విడిభాగం నంబరు తీయించాలి. పాత నంబరు స్థానంలో కంపెనీ కొత్త నంబరు ఇచ్చి ఉంటే కొత్తదే తీసుకోవాలి, ఎందుకంటే అలాంటి మార్పు వెనుక చాలాసార్లు ఏదో ఒక లోపాన్ని సరిదిద్దిన చరిత్ర ఉంటుంది.

చైన్ నిజంగా మార్చాల్సిన దశకు వచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న. వాడకంలో చైన్ పొడవు పెరగడానికి కారణం ఇనుప ప్లేట్లు సాగడం కాదు. ప్రతి కీలు దగ్గరా పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒకదానిమీద ఒకటి రాసుకుని అరగడం. ఒక కీలులోని అరుగుదల కంటికి కనిపించదు. కానీ లాగే వైపున నలభై కీళ్లుండి, ఒక్కోదానిలో 0.02 మిల్లీమీటరు అరిగితే మొత్తం 0.8 మిల్లీమీటర్లవుతుంది. పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 8 మిల్లీమీటర్లు, క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లు ఉన్న ఇంజిన్‌లో ఒక్కో పన్ను 18 క్రాంక్ డిగ్రీలకు సమానం. అంటే లాగే వైపున ఒక మిల్లీమీటరు పొడవు పెరిగితే క్యామ్ 2.25 క్రాంక్ డిగ్రీలు వెనకబడుతుంది, 0.8 మిల్లీమీటర్లు పెరిగితే 1.8 డిగ్రీలు. జాగ్రత్తగా రీమ్యాప్ చేయించిన (నియంత్రణ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్పించిన) ఇంజిన్‌లో ఈ తేడా తక్కువేమీ కాదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొన్ని క్షణాలు వినిపించే గలగల శబ్దం, స్కానర్‌లో క్రాంక్‌కూ క్యామ్‌కూ పొంతన కుదరడం లేదని చెప్పే పీ0016 వంటి కోడ్, క్యామ్ అడాప్టేషన్ విలువలు (క్యామ్ స్థానంలోని తేడాకు కంప్యూటర్ చేసుకునే సర్దుబాట్లు) క్రమంగా ఒక పక్కకు జరగడం దీనికి ప్రధాన సూచనలు. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ కవర్ మీది చిన్న రంధ్రం గుండా టెన్షనర్ పిస్టన్ ఎంత బయటికి వచ్చిందో చూసి అరుగుదలను అంచనా వేయవచ్చు. అయితే ఆయిల్ తగ్గినా, టెన్షనర్‌లో ఆయిల్ నిలవకపోయినా అదే శబ్దం వస్తుంది కాబట్టి, శబ్దం ఒక్కటే విని చైన్‌కు ఆర్డర్ ఇవ్వకూడదు.

చైన్లలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. రోలర్ చైన్‌లో బుష్ మీద తిరిగే రోలర్ ఉంటుంది. బుష్ చైన్‌లో రోలర్ ఉండదు, బుష్షే నేరుగా పన్నుకు ఆనుతుంది. మూడోది సైలెంట్ చైన్. దీని ప్లేట్లకే పళ్ల ఆకారం ఉంటుంది, శబ్దం తక్కువ, హోండా కె సిరీస్ ఇంజిన్లలో ఉన్నది ఇదే. ఒక రకానికి చేసిన స్ప్రాకెట్ మీద మరో రకం చైన్ నడవదు. పిచ్ అంటే ఒక పిన్ను కేంద్రం నుంచి పక్క పిన్ను కేంద్రానికి ఉన్న దూరం. అది 8 మిల్లీమీటర్లా, 9.525 మిల్లీమీటర్లా, అంతకన్నా తక్కువా అన్నది కచ్చితంగా సరిపోవాలి. రకం, పిచ్, లింకుల సంఖ్య, వెడల్పు అనే ఈ నాలుగూ ఇంజిన్ తయారీదారు నిర్ణయించినవి. స్ప్రాకెట్లు, గైడ్‌లతో సహా మొత్తం మార్పిడి కిట్‌ను ఒకే తయారీదారు ఆ ఇంజిన్ కోసమే తయారుచేసి ఉంటే తప్ప వీటిలో దేన్నీ మార్చకూడదు.

ఇక అసలు విషయం. పెర్ఫార్మెన్స్ చైన్ మీకు అవసరమా? ఈ ప్రశ్నకు జవాబు హార్స్‌పవర్‌లో వెతకడం సహజమే కానీ సరికాదు. చక్రాలకు వెళ్లే శక్తి టైమింగ్ చైన్ మీదుగా వెళ్లదు. చైన్ మోసేది క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే భారం, అంటే వాల్వు స్ప్రింగులను నొక్కే భారం, వాటితో పాటు క్యామ్ నడిపే ఇంధన పంపు వంటి వాటి భారం. టర్బో బూస్ట్ పెంచి, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగపు హద్దు) కదపకుండా, వాల్వు స్ప్రింగులు మార్చకుండా చేసిన స్టేజ్ 1 రీమ్యాప్‌లో చైన్ మీద అదనంగా పడే భారం చాలా తక్కువ. అలాంటి కారుకు కంపెనీ ఒరిజినల్ చైన్, లేదా ఆ చైన్‌ను కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పేరుతో అమ్మే చైన్ చాలు. ఈ మాట అమ్మేవారికి నచ్చకపోవచ్చు, కానీ నా అభిప్రాయంలో విశాఖలో నడిచే ట్యూన్ చేసిన కార్లలో ఎక్కువ వాటికి ఇదే సరైన సలహా.

భారం నిజంగా పెరిగే సందర్భాలు వేరు. గట్టి వాల్వు స్ప్రింగులు, ఎక్కువ లిఫ్ట్ ఉన్న (వాల్వును ఎక్కువ దూరం తెరిచే) క్యామ్‌షాఫ్ట్‌లు వేసినప్పుడు ప్రతి వాల్వు తెరుచుకునేటప్పుడు చైన్ మీద పడే లాగుడు పెరుగుతుంది, మూసుకునేటప్పుడు స్ప్రింగ్ క్యామ్‌ను ముందుకు తోస్తుంది కాబట్టి చైన్ ఒక్కసారిగా వదులవుతుంది. ఈ లాగుడూ వదులూ వేగంగా మారుతుండటమే చైన్‌నూ గైడ్‌లనూ ఎక్కువగా దెబ్బతీస్తుంది. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజిన్లలో అధిక పీడన ఇంధన పంపును క్యామ్‌షాఫ్ట్ నడుపుతుంది కనుక, స్టేజ్ 1ను మించిన స్టేజ్ 2, స్టేజ్ 3 పనుల్లో పెద్ద పంపు వేస్తే ఆ భారం కూడా చైన్‌కే చేరుతుంది. రెడ్‌లైన్ పెంచడం మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది.

రెడ్‌లైన్ విషయంలో ఒక లెక్క చూడండి. 20 పళ్ల క్రాంక్ స్ప్రాకెట్ మీద 8 మిల్లీమీటర్ల పిచ్ చైన్ నిమిషానికి 7000 చుట్ల వద్ద సెకనుకు దాదాపు 18.7 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. మలుపుల దగ్గర ఆ వేగం వల్ల చైన్‌లో తన బరువుతోనే బిగువు పుడుతుంది. అది మీటరు బరువును వేగం వర్గంతో హెచ్చిస్తే వచ్చేంత. మీటరుకు 0.18 కిలోలు తూగే చైన్‌లో అది దాదాపు 63 న్యూటన్లు. రెడ్‌లైన్‌ను 8500కు తీసుకువెళితే వేగం 22.7 మీటర్లకు చేరి, ఆ బిగువు దాదాపు 93 న్యూటన్లవుతుంది. ఇప్పుడు గట్టిదని రెట్టింపు బరువున్న రెండు వరుసల చైన్ వేస్తే, అదే వేగం వద్ద అది దాదాపు 185 న్యూటన్లు. రెండు వరుసల చైన్‌కు తట్టుకునే శక్తి ఎక్కువే కానీ, కదిలే బరువు, ఘర్షణ, గైడ్ మీది ఒత్తిడి కూడా ఎక్కువే. క్యామ్ బ్లాక్‌లోనే ఉండి, చైన్ చాలా పొట్టిగా ఉండే అమెరికన్ వీ8 ఇంజిన్లలో రెండు వరుసలకు మారడం ఎంతోకాలంగా ఉన్న పద్ధతి. హెడ్ మీద రెండు క్యామ్‌లుండి, పొడవైన చైన్ గైడ్‌ల మధ్య పరుగెత్తే ఇంజిన్లకు ఆ పద్ధతిని అలాగే తెచ్చి అతికించకూడదు.

మరి మంచి చైన్‌ను ఎలా గుర్తించాలి? పిన్నుల ఉపరితలం మొదట చూడాల్సిన విషయం. క్రోమియం లేదా వనేడియం కార్బైడ్ పొరతో గట్టిపరిచిన పిన్నులు మామూలుగా గట్టిపరిచినవాటికన్నా చాలా నెమ్మదిగా అరుగుతాయి, ప్రత్యేకించి ఆయిల్‌లో మసి చేరే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో. రేకును చుట్టి అతుకు పెట్టిన బుష్ కన్నా అతుకు లేని బుష్ మేలు, ఎందుకంటే దానిలో పిన్ను అంతటా సమంగా ఆనుతుంది. ప్లేట్లకు షాట్ పీనింగ్ (సన్నని గుండ్లతో కొట్టి ఉపరితలాన్ని గట్టిపరచడం) చేసి ఉంటే పదేపదే పడే భారానికి పగుళ్లు పుట్టడం ఆలస్యమవుతుంది. తయారీలోనే చైన్‌ను భారంతో లాగి కీళ్లను సర్దిన తరువాత పంపితే, బిగించిన తొలి రోజుల్లో పొడవు పెరగడం తగ్గుతుంది. ఈ వివరాలు పెట్టె మీద ఉండకపోయినా, పేరున్న తయారీదారుల సాంకేతిక పత్రాల్లో దొరుకుతాయి. జర్మనీకి చెందిన ఐవిస్, జపాన్‌కు చెందిన త్సుబాకి, మోర్స్ చైన్లు చేసే బోర్గ్‌వార్నర్, డీఐడీ పేరుతో చైన్లు చేసే దైదో కోగ్యో ఈ రంగంలో స్థిరపడిన సంస్థలు. అమెరికన్ వీ8ల కోసం క్లోయిస్ ప్రసిద్ధం. కిట్ పెట్టె మీద ఒక పేరు, లోపలి చైన్ ప్లేట్ మీద మరో పేరు ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. ప్లేట్ మీది పేరే మీకు ముఖ్యం.

టెన్షనర్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్లు పోగొట్టేది చైన్ కన్నా ఇదే ఎక్కువ. చాలా టెన్షనర్లు ఆయిల్ పీడనంతో పిస్టన్‌ను బయటికి తోసి చైన్‌ను బిగువుగా ఉంచుతాయి. ఇంజిన్ ఆగినప్పుడు ఆ పీడనం ఉండదు. అప్పుడు పిస్టన్ వెనక్కి పోకుండా ఆపేది లోపలి రాచెట్ (ఒక దిశలోనే కదలనిచ్చే అమరిక) పళ్లు, స్ప్రింగ్ మాత్రమే. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ ఈఏ888 ఇంజిన్ తొలి తరాల్లో, అంటే మన దగ్గర స్కోడా లారా 1.8 టీఎస్ఐ, ఆనాటి సూపర్బ్ 1.8 టీఎస్ఐ వంటి కార్లలో వచ్చిన ఇంజిన్లలో, మొదటి రకం టెన్షనర్ రాచెట్ పట్టు తప్పి చైన్ పళ్లు దాటడం ప్రపంచమంతటా తెలిసిన సమస్య. తరువాత టెన్షనర్‌ను మార్చి రూపొందించారు. ఈ ఇంజిన్ ఉన్న పాత కారు కొన్నవారు ముందు చైన్ సంగతి పక్కన పెట్టి, లోపల ఉన్నది ఏ రకం టెన్షనరో చూపించుకోవాలి.

విశాఖవాసులకు ఇందులో ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. మన నగరం కొండల మధ్య ఉంది. సింహాచలం, కైలాసగిరి దారులే కాదు, చాలా కాలనీల్లో ఇంటి ముందు వీధులే ఏటవాలుగా ఉంటాయి. ఎత్తు మీద మాన్యువల్ కారును హ్యాండ్‌బ్రేక్ సరిగా వేయకుండా గేరులో ఉంచి ఆపితే, కారు బరువు ఇంజిన్‌ను వెనక్కి తిప్పడానికి ప్రయత్నిస్తుంది. ఆయిల్ పీడనం లేని సమయంలో, రాచెట్ అరిగిన టెన్షనర్ ఉన్న ఇంజిన్‌లో, చైన్ పళ్లు దాటడానికి అది చాలు. అనుమానం ఉన్న టెన్షనర్‌తో తిరుగుతున్నవారు అది మార్చేవరకు చదునైన చోట ఆపాలి. ఎత్తు మీద ఆపక తప్పకపోతే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వేసి, చక్రానికి అడ్డు పెట్టి, ఆ తరువాతే గేరు వేయాలి.

గైడ్‌లు సాధారణంగా నైలాన్ జాతి ప్లాస్టిక్‌తో చేస్తారు. వేడికీ, పాతబడిన ఆయిల్‌కూ అవి పెళుసెక్కి విరుగుతాయి; బీఎండబ్ల్యూ ఎన్20 ఇంజిన్ విషయంలో చెడ్డపేరు తెచ్చింది చైన్ గైడ్‌లే. చైన్‌తో పాటు గైడ్‌లన్నీ మార్చాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు. విరిగిన ముక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో పడి ఆయిల్ పంపు జల్లెడను మూస్తాయి కాబట్టి, గైడ్ విరిగిన ఇంజిన్‌లో సంప్ విప్పి శుభ్రం చేయకుండా కవర్ మూయనివ్వకండి.

స్ప్రాకెట్లు కూడా పాత చైన్‌తో కలిసి అరిగి ఉంటాయి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది త్వరగా అరుగుతుంది. క్రాంక్ స్ప్రాకెట్ పళ్లు తక్కువ కాబట్టి అదే ముందు పోతుంది. క్యామ్ వైపు స్ప్రాకెట్ వేరియబుల్ వాల్వు టైమింగ్ ఫేజర్‌లో (నడుస్తున్నప్పుడు క్యామ్ స్థానాన్ని ముందుకూ వెనక్కూ జరిపే భాగంలో) భాగమైతే ఖరీదు ఎక్కువ; అక్కడ పళ్లను, లోపలి లాక్ పిన్ను శబ్దాన్ని పరీక్షించి నిర్ణయించవచ్చు. ఒకసారి సాగేలా బిగించే బోల్టులు మళ్లీ వాడరాదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కు చీలిక, కీ ఉండవు. బోల్టు బిగువుతో, ఘర్షణతోనే అది నిలబడుతుంది. అలాంటి చోట పలుచని ఘర్షణ వాషర్లు ఉంటే అవీ కొత్తవే కావాలి.

చైన్ పూర్తి వలయంగా వస్తే మేలు. తెరిచి ఉన్న చైన్‌ను పాతదానికి తగిలించి లోపలికి లాగి, చివర రివెట్ చేసే పద్ధతి పాత మెర్సిడెస్ ఇంజిన్ల మీద బాగా వాడుకలో ఉంది. కవర్ విప్పకుండా పని అవుతుంది కానీ, గైడ్‌లు, క్రాంక్ స్ప్రాకెట్ పాతవే మిగిలిపోతాయి. అధిక వేగంతో తిప్పే ఇంజిన్‌కు దీన్ని నేను సిఫారసు చేయను. క్లిప్‌తో మూసే లింక్ అయితే అసలు వద్దు.

కొనుగోలు దగ్గరికి వద్దాం. గాజువాక ఆటోనగర్‌లో, నగరంలోని విడిభాగాల దుకాణాల్లో సాధారణ కార్ల చైన్ కిట్లు దొరుకుతాయి. పెర్ఫార్మెన్స్ ఇంజిన్లకు కావలసినవి తరచుగా అధీకృత డీలరు ద్వారానో, బయటి నుంచో తెప్పించాలి. విదేశం నుంచి కొరియర్‌లో తెప్పించేవారు కస్టమ్స్ సుంకం, పన్ను కలిపి ధర లెక్కవేసుకుని, పెట్టెలో లేని చిన్న సామాను కోసం కారు షెడ్డులో విప్పి ఉంచాల్సిన పరిస్థితి రాకుండా కిట్ జాబితాను ముందే సరిచూసుకోవాలి. కవర్ సీళ్లు, క్రాంక్ సీల్, సీలెంట్, బోల్టులు చాలా కిట్లలో ఉండవు.

నకిలీల విషయంలో పెట్టె అందాన్ని నమ్మకండి. ప్లేట్ మీద తయారీదారు గుర్తు స్పష్టంగా ఉందా, టైమింగ్ గుర్తుల కోసం రంగు వేసిన లింకులు సరైన చోట ఉన్నాయా, లింకుల సంఖ్య పాతదానితో సరిపోయిందా చూడండి. పాత చైన్‌ను, కొత్తదాన్ని ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీస్తే అరుగుదల వల్ల పాతది కొద్దిగా కిందికి దిగి ఉండాలి. కొత్తదే పొడవుగా కనిపిస్తే తిప్పి పంపించండి. ప్రతి కీలునూ చేతితో వంచి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు, ఎక్కడా మిగతావాటికన్నా వదులుగా ఉండకూడదు.

సముద్రపు గాలి ఉన్న ఊరిలో మరో జాగ్రత్త అవసరం. ఉప్పు తేమ తగిలితే నూనె ఆరిన చైన్ కీళ్లకు కొద్ది కాలంలోనే తుప్పు పట్టవచ్చు, పిన్ను మీద పడిన సన్నని తుప్పు మచ్చ కూడా అరుగుదలను వేగవంతం చేస్తుంది. తీరానికి దగ్గరి దుకాణంలో ఎన్నాళ్లుగానో తెరిచి ఉన్న పెట్టెలోని చైన్ తీసుకోకండి. కంపెనీ తుప్పు నిరోధక కాగితంలో, నూనె పూతతో, సీలు వేసి ఉన్నదే కొని, బిగించే రోజు వరకు విప్పకండి.

బిగించే పని ఎవరిదన్నది చైన్ ఎంపికలో భాగమే. ఆ ఇంజిన్‌కు తగిన క్యామ్ లాకింగ్ టూల్స్ లేని షెడ్డులో, గుర్తులు పెయింట్‌తో వేసుకుని చేసే పనికి ఒప్పుకోకండి. ఆడి ఎస్4లో వచ్చిన 4.2 వీ8, బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ వంటి ఇంజిన్లలో చైన్ ఫ్లైవీల్ వైపు ఉంటుంది. అక్కడ విప్పడానికయ్యే కూలి విడిభాగాల ధరను మించవచ్చు కనుక, విప్పిన తరువాత ఏ భాగాన్నీ పాతదిగా వదలడం తెలివైన పని కాదు. క్యామ్‌లు కూడా మార్చినవారు డిగ్రీ చక్రం, డయల్ గేజ్‌తో టైమింగ్ కొలిపించి, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీని పరీక్షించిన తరువాతే స్టార్ట్ చేయనివ్వాలి.

చైన్ వేసి, టెన్షనర్‌ను నొక్కి పట్టి ఉంచే పిన్ను తీసిన తరువాత, క్రాంక్‌ను చేతి పానాతో ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి, వెనక్కి తిప్పరాదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా కారణం వెతకాలి. రెండు చుట్ల తరువాత రంగు లింకులు మళ్లీ గుర్తులకు ఎదురుగా రాకపోతే కంగారు పడనక్కరలేదు. స్ప్రాకెట్ల మీది గుర్తులు, లాకింగ్ టూల్స్ సరిపోతే చాలు. ఇంధనం, స్పార్క్ ఆపి ఉంచి స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ పీడనం వచ్చాక ఇంజిన్ స్టార్ట్ చేయాలి. తొలి క్షణాల శబ్దం టెన్షనర్ నిండగానే ఆగిపోవాలి.

ఆయిల్ మీద కూడా చైన్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఎన్ఏడీ, గాజువాక రద్దీలో ఆగుతూ సాగే ప్రయాణం, తక్కువ దూరాల వాడకం డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలును, మసిని చేరుస్తాయి; అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్‌లో తక్కువ గేర్లలో ఎక్కువసేపు తిప్పితే ఆయిల్ వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడ్, ప్రమాణం ఉన్న ఆయిల్‌నే వాడుతూ, కఠిన వాడకానికి కంపెనీ సూచించిన తక్కువ వ్యవధిలోనే మార్పించండి. కొత్త చైన్ వేసిన తరువాత తొలి 1000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్పించి, ఆ రోజు వేడెక్కిన ఇంజిన్ మీద స్కానర్ చూపిన క్యామ్ విలువలను విడిభాగాల బిల్లుతో, చైన్ నంబరుతో కలిపి భద్రపరచండి. ఆ తరువాత ప్రతి సర్వీసులోనూ ఆ విలువలనే మళ్లీ తీయించి మొదటివాటితో పోల్చి చూస్తే, శబ్దం మొదలవడానికి చాలా ముందే అరుగుదల ఏ వేగంతో సాగుతోందో తెలుస్తుంది.